మహబూబ్‌నగర్ నుంచి సోమశిలకు సైకిళ్ళ మీద: దారి గొప్పది, బస దండగ

సోమశిల దగ్గర కృష్ణను చూద్దామని సైకిళ్ళ మీద బయలుదేరిన మేము, తిరిగి వచ్చాక వారం రోజులపాటు ఇంట్లోనూ ఆఫీసులోనూ చెప్పుకున్నదంతా కొల్లాపూర్‌లో దిగిన లాడ్జి గురించే. దాని పేరు రాయను. ఆ ఊళ్ళో రాత్రి ఉండాలనుకునే సైకిల్ యాత్రికులు గదికి మాట్లాడుకునే ముందు ఇది ఒకసారి చదివితే చాలు.

మేము ముగ్గురం: నేను, నా బావమరిది, మా కాలనీలోనే ఉండే రిటైర్డ్ లెక్కల సార్. సార్‌కు అరవై దాటినా, పదమూడున్నర గంటల గడువు ఉండే 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూరపు సైకిల్ యాత్రను రెండుసార్లు పూర్తి చేసిన మనిషి. బావమరిది సైకిల్ కొని నాలుగు నెలలే అయింది. ఎప్పుడు టీ తాగుదాం, ఎప్పుడు తిందాం అన్నది అతని ప్రధాన చింత. డిసెంబరు రెండో శనివారం తెల్లవారుజామున 5:15కు మహబూబ్‌నగర్‌లో బయలుదేరి, భూత్పూర్, బిజినపల్లి మీదుగా చలిలో హాయిగా తొక్కుకుంటూ నాగర్‌కర్నూల్ చేరి, ముగ్గురికీ కలిపి 150 రూపాయలకు ఇడ్లీ, వడ తిన్నాం. అక్కడివరకు చెప్పుకోవలసిన కష్టమేమీ లేదు.

నాగర్‌కర్నూల్ దాటి కొల్లాపూర్ వైపు తిరిగాక దారి స్వరూపం మారింది. ఒకప్పుడు వలసలకు మారుపేరుగా ఉండి, జొన్న, ఆముదం పండించుకున్న ఈ మెట్ట నేలకు కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చాక, ఎల్లూరు దగ్గర శ్రీశైలం జలాశయం వెనుక నీటిని ఎత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు లిఫ్టుల ద్వారా కాలువలకు వదులుతున్నారు. నీళ్ళు రావడంతో వరి వచ్చింది. వరి వచ్చింది గాని, అన్ని వడ్లు ఆరబోయడానికి కల్లాలు ఎక్కడివి? అందువల్ల కోతల కాలంలో రోడ్డులో సగం కల్లమే. నల్ల టార్పాలిన్ల మీద వడ్లు పోసి, అంచు వెంబడి తలకాయంత రాళ్ళు వరుసగా పేర్చి పెడతారు. ఒకచోట ఒక పెద్దమ్మ చీర కొంగు నడుముకు దోపుకొని, రెండు పాదాలను నాగలిలా ఈడ్చుకుంటూ ఆ వడ్లలో ఈ కొస నుంచి ఆ కొస దాకా చాళ్ళు తీస్తూ పోతుంటే, మేము సైకిళ్ళు దిగి కాసేపు చూస్తూ నిలబడ్డాం. ఆమె వెనుక పచ్చిగా ఉన్న అడుగు వడ్లు పైకి తేలి, రంగు తేడాతో గీతలు గీతలుగా కనిపించాయి.

చూడడానికి ఎంత బాగున్నా సన్నటి టైర్ల సైకిల్‌కు ఇది ప్రమాదమే. టార్పాలిన్ దాటి చెదిరిన గింజల మీద చక్రం పడిందంటే జారుతుంది. అక్కడ బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా పోనివ్వాలని సార్ ముందే చెప్పారు. బావమరిది రెండూ చేశాడు. మోచేయి కాస్త గీరుకుంది, అంతే. వడ్ల దగ్గర కూర్చున్న రైతు లేచి వచ్చి, "పైలం అన్నా" అంటూ సైకిల్ లేపి, తన సీసాలోని నీళ్ళతో మోచేయి కడిగి పంపాడు. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ దారిన వచ్చేవారు 25 మిల్లీమీటర్ల టైర్లు ఇంట్లో వదిలేసి, కనీసం 32 వేసుకొని రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

కొల్లాపూర్ నుంచి సోమశిల సుమారు పది కిలోమీటర్లు. దిగుతున్నప్పుడు చెట్ల సందుల్లోంచి కృష్ణ ఒక్కసారిగా కనబడుతుంది. ఆ నీటి వెడల్పు చూస్తే నది అనబుద్ధి కాదు. శ్రీశైలం జలాశయం నిండుగా ఉన్న రోజులు కాబట్టి అవతలి సంగమేశ్వరాలయం నీటి అడుగునే ఉంది. అది కావాలంటే ఎండాకాలం రావాలి. ముంపు వల్ల సోమేశ్వరాలయాన్ని పాత చోటు నుంచి తరలించి ఒడ్డున మళ్ళీ కట్టారు. గుడి చూసి, మనిషికి 100 రూపాయలిచ్చి అరగంట పడవలో తిరిగాం. ఒడ్డున ఒక అక్క కట్టెల పొయ్యి మీద వేయించి ఇచ్చిన చేపలు ప్లేటు 150, జొన్నరొట్టె ఒక్కోటి 20. రొట్టె పొయ్యి మీద నుంచి నేరుగా చేతిలోకే వచ్చింది. బావమరిది నాలుగు తిన్నాడు. పొద్దున పడిన సంగతి అంతటితో మరచిపోయాడు.

మా తప్పు ఏమిటంటే, ఇంత తిన్నాక సాయంత్రం ఆ ఎత్తంతా ఎక్కి కొల్లాపూర్‌కు వెనక్కి రావడం. చీకటి పడే వేళకు లాడ్జి చేరాం. ఫోనులో మాట్లాడినప్పుడు ముగ్గురికీ కలిపి 1,200 రూపాయలని, సైకిళ్ళు గదిలో పెట్టుకోవచ్చని, వేడినీళ్ళు ఉంటాయని మూడు మాటలు చెప్పారు. కౌంటర్ దగ్గర ఆ మూడూ మారిపోయాయి. గదికి 1,500, అదనపు పరుపుకు 300 అన్నారు. సైకిళ్ళు పైకి తీసుకుపోతుంటే మేనేజర్ అడ్డం వచ్చి, "సైకిల్‌కు కూడా రూమా సార్? టైల్స్ ఖరాబైతయి" అన్నాడు. పోనీ కింద ఎక్కడ పెట్టమంటావంటే, మెట్ల కింద జనరేటర్ పక్కన చోటు చూపించి, ఒక్కో సైకిల్‌కు పార్కింగ్ 100 అన్నాడు. మోటారు సైకిళ్ళకు ఉచితమట! వాటికి లేనిది వీటికెందుకని అడిగితే, ఇవి ఖరీదైనవని, పోతే తమ మీదికి వస్తుందని జవాబు. నూటపది కిలోమీటర్లకు పైగా తొక్కి, చెమట ఆరి, చలికి ఒళ్ళు బిగుసుకుపోతున్న మనిషికి వాదించే ఓపిక ఉండదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

గదిలో గీజర్ ఉంది గాని దాని వైరు కోసి టేపు చుట్టి ఉంది. వేడినీళ్ళు బకెట్‌కు 40. దుప్పట్లకు సబ్బు వాసన రాకపోగా బీడీ వాసన వచ్చింది. ఎవరినీ పల్లెత్తు మాట అనని సార్ కూడా తన తువ్వాలు దిండు మీద పరచుకొని, గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అసలు దెబ్బ పొద్దున తగిలింది. సార్ సైకిల్ ముందు చక్రంలో గాలి లేదు. అక్కడ పనిచేసే పిల్లవాడు, టైరు మెత్తగా అనిపించి, మంచి చేద్దామనే అనుకొని మోటారు సైకిల్ పంపు పెట్టాడట. సార్‌ది ప్రెస్టా వాల్వ్. మన ఊరి సైకిళ్ళకు ఉండే వాల్వ్ వేరు, మోటారు సైకిల్ వాల్వ్ వేరు. ప్రెస్టాలో గాలి కొట్టేముందు కొనన ఉన్న చిన్న నట్టు విప్పి, నొక్కి, సరిపడే పంపు తలనే పెట్టాలి. బలవంతంగా తొడిగేసరికి లోపలి పుల్ల వంగిపోయింది. పిల్లవాణ్ణి ఏమనగలం? సైకిళ్ళు గదిలో ఉండి ఉంటే అతని చేయి పడేదే కాదు. మేనేజర్ మాత్రం తమకు సంబంధం లేదన్నాడు, అదీ పార్కింగ్ డబ్బు తీసుకున్నాక. చేతిలో ఉన్న ఒకే ఒక్క స్పేర్ ట్యూబు వేసుకొని, బిల్లు చూడకుండా డబ్బు కట్టేసి బయటపడ్డాం.

పానగల్ దారిలో కొండ మీది కోటను కిందనుంచే చూసి ముందుకు పోయాం. వనపర్తి పొలిమేరలో అదే చక్రానికి తుమ్మముల్లు దిగింది. రోడ్డు పక్కన రేకుల నీడలో ఒక పంక్చర్ దుకాణం కనబడింది. అతను ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టుకొని, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ప్యాచ్ అంటించకుండా ఓపికగా కూర్చున్నాడు. మధ్యలో మా సంచిలోని వంగిన వాల్వ్ ట్యూబు చూసి, తానే అడిగి తీసుకొని, నోస్ ప్లయర్‌తో ఆ పుల్లను వెంట్రుక వాసి చొప్పున సరిచేసి ఇచ్చాడు. ఇంతకుముందు అలాంటి వాల్వ్ చూడలేదని అతనే అన్నాడు. పంక్చర్‌కు 40 తీసుకొని, వాల్వ్‌కు ఏమీ వద్దన్నాడు. ఆ ట్యూబు ఇప్పటికీ గాలి నిలుపుతోంది.

మళ్ళీ వెళ్తే మొదటి రాత్రి వనపర్తిలోనే ఉండి, సోమశిలకు బరువు లేకుండా వెళ్ళి వస్తాను. సైకిల్ గదిలోకి రానిచ్చే చోటయితే మూడు వందలు ఎక్కువైనా సరే. ఆ మాట ఫోనులో కాకుండా వాట్సాప్‌లో రాయించుకుంటాను.

కొత్తకోట దగ్గర సరళాసాగర్ జలాశయానికి పక్కదారి పట్టాం. నీరు ఒక మట్టం దాటగానే గేట్లు ఎత్తే పని లేకుండా సైఫన్లు వాటంతటవే పొంగి పారే ఏర్పాటు దీని ప్రత్యేకత. 2019 డిసెంబరు 31న దీని కట్టే తెగింది, తరువాత మళ్ళీ కట్టారు. అక్కడి నుంచి భూత్పూర్ దాకా బెంగళూరు హైవే మీద ఎదురుగాలి, లారీలు, ఎవరికీ మాటల్లేవు. సర్వీసు రోడ్డు ఉన్నంత మేర దాన్ని వదలకండి.

భూత్పూర్‌లో టీ తాగుతూ బావమరిది లాడ్జి బిల్లు తీసి, తిట్టుకుంటూ చదివాడు. గది 1,500, పరుపు 300, సైకిళ్ళు 300, వేడినీళ్ళు మూడు బకెట్లు 120, మొత్తం 2,320. సార్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ కాగితం అడిగి తీసుకొని, జేబులోంచి పెన్ను తీశారు. మొత్తం కింద గీత గీసి, 2,220 అని రాసి, పక్కన ఎర్రసిరా లేనందుకు నీలంతోనే పెద్ద ఇంటూ మార్కు పెట్టారు. బావమరిది వెంటనే ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు.