తుపాకీ హక్కుల కోసం పోరాడాలంటే: చట్టసభలో సీటా, బయటి నుంచి ఒత్తిడా? ఏది మేలు?

అమెరికాలో తుపాకీ పట్టుకుని ఎవరు ఎక్కడ తిరగొచ్చన్నది ఎక్కువగా రాష్ట్రాల చట్టసభలే తేలుస్తాయి. అందుకే తుపాకీ హక్కులను గట్టిగా నమ్మే కన్సర్వేటివ్‌లు అక్కడ సీటు కోసం ఆరాటపడతారు. ముగ్గురి కెరీర్లు చూశాక ఆ సీటుకు అంత బలం ఉందా అన్న అనుమానం వచ్చింది నాకు.

సుజానా గ్రేషియా హప్ టెక్సస్‌లో కైరోప్రాక్టర్, అంటే వెన్నెముక, కీళ్ల నొప్పులకు చేత్తో చికిత్స చేసే వృత్తి. 1991 అక్టోబర్ 16న కిలీన్‌లోని లూబీస్ కెఫెటీరియాలో అమ్మానాన్నలతో భోంచేస్తుండగా, ఒకడు పికప్ ట్రక్కుతో లోపలికి దూసుకొచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. 23 మంది చనిపోయారు. వాణ్ణి ఆపబోయి తండ్రి పోయారు, ఆయన్ని వదిలి రాలేక తల్లీ పోయారు. హప్ రివాల్వర్ మాత్రం కారులో ఉంది. బ్యాగులో దాచుకుని తిరగడం అప్పట్లో అక్కడ నేరం. వృత్తి లైసెన్సు పోతుందన్న భయంతో కారులోనే వదిలేసేవారు. తర్వాత చట్టసభల కమిటీల ముందు ఆమె పదే పదే చెప్పింది ఇదే.

తుపాకీ దాచి తిరగడంపై ప్రజల అభిప్రాయం అడగాలన్న బిల్లును 1993లో గవర్నర్ ఆన్ రిచర్డ్స్ వీటో చేశారు. మరుసటి ఏడు ఆమెను ఓడించిన జార్జ్ బుష్ 1995లో తుపాకీ దాచి తిరిగేందుకు అనుమతి ఇచ్చే చట్టంపై సంతకం పెట్టారు. హప్ రిపబ్లికన్‌గా గెలిచిందేమో 1996లో! అంటే, ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చే చట్టం ఆమెకు సీటు రాకముందే వచ్చేసింది. ఆ తర్వాత పదేళ్లు సభలో ఉన్నారు. డాలస్, ఆస్టిన్‌లలోని మనవాళ్లకు తెలిసే ఉంటుంది: టెక్సస్ సభ మామూలుగా కూర్చునేది రెండేళ్లకోసారి, 140 రోజులు. జీతం నెలకు 600 డాలర్లు.

కాలిఫోర్నియాలో బిల్ రిచర్డ్‌సన్ రెండు పడవల మీదా కాలు పెట్టారు. 1966లో గెలిచి 1988 దాకా రాష్ట్ర సెనేటర్‌గా ఉంటూనే, 1970ల మధ్యలో తుపాకీ హక్కుల కోసం గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా సంస్థను స్థాపించారు. ఆయన దిగిపోయిన మరుసటి ఏడే, స్టాక్టన్ బడిలో కాల్పుల తర్వాత, అదే సెనేట్ అసాల్ట్ ఆయుధాల (సైనిక తరహా తుపాకుల) నిషేధానికి ఓటేసింది. సీటు పోయింది, సంస్థ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఫ్లోరిడా మారియన్ హామర్‌ది ఇంకో దారి. చట్టసభ్యురాలు కాదు, లాబీయిస్టు. తుపాకీ దాచి తిరిగేందుకు లైసెన్సు ఇచ్చే 1987 చట్టం, ప్రాణభయం ఉంటే వెనక్కి తగ్గకుండా ఎదురు నిలిచి కాల్చే హక్కు ఇచ్చిన 2005 చట్టం, రెండింటి వెనకా ఆమె ఉన్నారు. అయితే 2018లో పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక, ఆమె వద్దన్నా రిపబ్లికన్ సభ తుపాకీ కొనే వయసును 21కి పెంచింది. ఓటు వేసే బటన్ ఆమె చేతిలో లేదు మరి.

కావాల్సింది ఫలితమే అయితే హామర్ దారే మేలు, రికార్డు చూస్తే అది కాదనలేం. ఓటరుగా అడిగితే మాత్రం నేను హప్ వైపే. ఆమె వాదనతో అన్నిచోట్లా ఏకీభవించను. కానీ ఆమె సభలో ఉన్నన్నాళ్లు, నచ్చకపోతే నియోజకవర్గం వాళ్లు రెండేళ్లకోసారి ఇంటికి పంపగలిగేవారు. హామర్ పేరు ఫ్లోరిడాలో ఏ బ్యాలెట్ మీదా లేదు.