ఐదు కిలోల బార్, పద్నాలుగు నెలలు వాడాక

పిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పడానికి తెప్పించిన బార్ పార్సిల్ విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగింది. నెల్లిమర్ల దాకా ఆటో పైన తాడేసి కట్టించుకుని, అక్కడి నుంచి మా బావగారి బండి మీద అడ్డంగా పెట్టుకుని ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. అట్ట విప్పగానే మా అమ్మ ఒంటిచేత్తో లేపి చూసింది. "ఈ గొట్టానికేటే తొమ్మిది వేలు?" అంది. మా వైపు బార్ అంటే ఇనప బార్, ఇరవై కిలోలు. ఇది అంత తేలిగ్గా లేచిపోయిందనే ఆవిడ బాధ.

కంపెనీ పేరు రాయట్లేదు. కింద కొన్ని తిట్లు ఉన్నాయి, ఆ గొడవ నాకెందుకు. అల్యూమినియం ట్రైనింగ్ బార్లు అన్నీ ఇంచుమించు ఒక్కలాంటివే కాబట్టి కొనాలనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది.

ముందు వస్తువు సంగతి. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో మగవాళ్ల బార్ 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు, పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్లది 15 కిలోలు, 2.01 మీటర్లు, 25 మిల్లీమీటర్లు. నేను కొన్నది 5 కిలోలది, మందం 25. ఆ మూడు మిల్లీమీటర్ల తేడా ఎంతని అనుకోకండి. లిఫ్టింగ్‌లో బొటనవేలిని బార్‌కి చుట్టి, దాని మీద మిగతా వేళ్లతో అదిమి పడతాం. హుక్ గ్రిప్ అంటారు. పదేళ్ల పిల్ల చేతికి 28 బార్ ఇస్తే ఆ బొటనవేలు వేళ్ల కింద దాకా రాదు. బార్‌తో పాటు ప్లాస్టిక్ ప్లేట్లు రెండు తీసుకున్నాను. ఒక్కొక్కటి రెండున్నర కిలోలే అయినా సైజు మాత్రం పెద్ద ప్లేట్లంతే, 450 మిల్లీమీటర్లు. దానివల్ల బార్ నేల మీద పోటీలో ఉండే ఎత్తులోనే ఉంటుంది. ఇవి లేనప్పుడు చిన్న ఇనప ప్లేట్ల కింద ఇటుకలు పేర్చేవాళ్లం. లిఫ్ట్ మధ్యలో ఇటుక పగిలితే మా షెడ్డంతా ఎర్రదుమ్ము.

షెడ్డు అంటే కమ్యూనిటీ హాల్ పక్కన రేకుల షెడ్డు. తెల్లవారి ఐదింటి నుంచి ఆరున్నర దాకా పద్నాలుగు మంది పిల్లలు. తర్వాత నేను బస్సెక్కి విజయనగరంలో బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్‌కి పోతాను. నేను కూడా లిఫ్టర్‌నే. ఇంటర్‌లో స్టేట్ మీట్ దాకా వెళ్లాను, నాలుగో స్థానం. ఆ తర్వాత కుడి భుజం పోయింది, స్పోర్ట్స్ కోటా ఉద్యోగమూ పోయింది. మా పక్కన ఇలాంటి షెడ్డు వింతేమీ కాదు. కొండవెలగాడ మాకు కూతవేటు దూరం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల శరీర బరువు విభాగంలో మెడల్ తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. స్నాచ్ అంటే బార్‌ని నేల మీద నుంచి ఒక్క ఊపులో తలపైకి లేపడమని మా దగ్గర ముసలమ్మలక్కూడా తెలుసు.

ఇంత చిన్న బార్ ఎందుకు కొన్నానో చెప్పాలంటే ఒక గుంటడి సంగతి చెప్పాలి. పేరొద్దు. పదకొండేళ్లవాడు, హుషారైనవాడు. అప్పుడు మా దగ్గర ఉన్నది ఒకటే బార్, ఇరవై కిలోల తుప్పుపట్టింది. నాకు నేర్పినాయన దగ్గరా అలాంటిదే ఒకటి ఉండేది. లేపగలిగినవాళ్లు లిఫ్టర్లు, లేపలేనివాళ్లు ఇంటికి. ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే "ఏడుపొస్తే ఇంటికెల్లి ఏడు" అనేవారు. ఆయన మంచివాడే, ఫీజు అడిగిన పాపాన పోలేదు. కానీ ఆ మాట ఎప్పుడు విన్నా నాకు కడుపులో మెలిపెట్టేది. ఈ గుంటడు నడుం పట్టుకుని కూర్చుంటే నా నోట్లోంచి అదే మాట వచ్చింది. అదే గొంతుతో, అదే యాసతో. వాడు లేచి చెప్పులేసుకుని ఇంటికెళ్లాడు. మళ్లీ రాలేదు. ఇప్పుడు రోడ్డు మీద క్రికెట్ ఆడుతుంటాడు, నేను కనిపిస్తే తల తిప్పుకుంటాడు. వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. వాళ్లమ్మ టీ ఇచ్చింది, వాడు పెరట్లోంచి రాలేదు.

ఆ నెల నా చీటీ డబ్బులొచ్చాయి. ఆరు వేలు నావి, మిగతాది పిల్లల ఇళ్ల నుంచి తలాకొంత. ఒకాయన డబ్బుకి బదులు షెడ్డులో ప్లాట్‌ఫాం చెక్కలు బిగించి ఇచ్చారు. బార్, ప్లేట్లు, రవాణా అన్నీ కలిపి 9,400 అయింది.

పీవీసీ పైపుతో సరిపోదా అని అడుగుతారు. సరిపోతుంది, మొదటి పదిహేను రోజులకి. మేం పైపులో ఇసుక పోసి రెండు చివర్లా మూతలు బిగించి వాడాం, రెండొందల్లో అయిపోయింది. కొత్తవాళ్లకి ఇప్పటికీ అదే ఇస్తాను. అయితే తలపైకి లేపాక ఇసుక ఒక పక్కకి జారుతుంది, పిల్లాడు దాని వెంట జారుతాడు. ఇంకోటి, పైపుకి స్లీవ్ ఉండదు. స్లీవ్ అంటే ప్లేట్లు ఎక్కించే చివరి భాగం, అది బార్‌తో సంబంధం లేకుండా తిరగాలి. తిరక్కపోతే మణికట్టు మెలిపడుతుంది. ఈ బార్‌లో స్లీవ్‌లు బాగా తిరుగుతాయి, ఇప్పటికీ.

ఇక తిట్లు. పట్టుకునే చోట గరుకు ఉంటుంది కదా, అది మొదట్లో మరీ పదును. రెండో రోజుకే ముగ్గురి అరచేతులు లేచిపోయాయి. నేనే వైర్ బ్రష్‌తో ఒక ఆదివారమంతా రుద్దాను. నాలుగో నెలలో స్లీవ్‌ని పట్టి ఉంచే లాక్ రింగ్ ఊడింది. ప్లేటుతో సహా స్లీవ్ జారి నా పాదానికి జానెడు దూరంలో పడింది. పిల్లల పాదానికి కాదు, అదొక్కటే అదృష్టం. కంపెనీకి ఫోటోలు పంపాను. వీడియో అడిగారు, పంపాను. "వీడియోలో బార్ కనిపిస్తోంది మేడమ్, సమస్య కనిపించట్లేదు" అని జవాబు. సమస్య ఊడి పక్కన పడి ఉంది, దాన్ని విడిగా వీడియో తియ్యాలంట! పంతొమ్మిది రోజులకి రింగ్ వచ్చింది, వేరే సైజుది. చివరికి విజయనగరంలో లేత్ పనిచేసే ఒకాయన నూట యాభైకి కొత్త రింగ్ వేసిచ్చారు. అది ఇప్పటికి పది నెలల నుంచి కదల్లేదు. మీరు కొంటే వచ్చిన రోజే ఆ రింగులు చూసుకోండి.

దీని మీద ఇరవై కిలోలకి మించి ఎక్కించొద్దని స్టిక్కర్ ఉంది. నిజమే చెప్పారు. మా పెద్ద గుంటలు నేను లేనప్పుడు ముప్పై ఎక్కించారు. ఎలా తెలిసిందంటే నేల మీద దొర్లిస్తే ఇప్పుడు కాస్త ఊగుతుంది.

ఇదంతా వస్తువు గొడవ. నేను అసలు రాయాలనుకున్నది దీనితో నాకేమైందన్నది.

ఇరవై కిలోల బార్ ఉన్నప్పుడు నా కళ్లు ఇద్దరి మీదే ఉండేవి. బలమున్న ఇద్దరు. నాకు రాని మెడల్ వాళ్లలో ఎవరికో ఒకరికి రావాలి, అదీ నా లెక్క. మిగతా పన్నెండు మంది షెడ్డు నింపడానికి. పైకి ఎప్పుడూ అనలేదు గానీ పిల్లలకి తెలియకుండా ఉంటుందా. ఐదు కిలోల బార్ వచ్చాక బలం లెక్కలోంచి పోయింది. అందరూ లేపుతారు. కాబట్టి ఎవరు ఎలా లేపుతున్నారో చూడక తప్పలేదు. అప్పుడు కనిపించింది, ఆ ఇద్దరు బలవంతులూ చేతులతో లాగేస్తున్నారని, మూలన నిలబడే బక్కపిల్ల ఒకతి మాత్రం కాళ్లతో నేలని నొక్కి, బార్‌ని ఒంటికి రాసుకుంటూ తీసుకొచ్చి, స్నాచ్‌లో అడుగున కూర్చుని కదలకుండా ఉంటోందని. ఆ పిల్ల ఏడాదిగా నా దగ్గరే ఉంది. పేరు తప్ప నాకేమీ తెలీదు.

ఆ పిల్ల గురించే ఇంకోటి. ఒక రోజు పిల్లలు వెళ్లే టైమ్‌కి నేను పాత బార్‌తో 45 స్నాచ్ చేద్దామని చూశాను. భుజం ఒప్పుకోలేదు, రెండుసార్లు పడేశాను. మూడోసారీ పడేసి "ఛీ, పనికిమాలిన బార్" అని కాలితో తన్నాను. షెడ్డులో ఉన్నది నలుగురైదుగురు, అంతే. రెండు రోజుల తర్వాత ఆ బక్కపిల్ల ఐదు కిలోల బార్‌తో చేస్తూ వెనక్కి పడేసింది. లేచి, నడుం మీద చెయ్యేసి, అచ్చం నాలాగే కుడి భుజం ఒకసారి తిప్పి, "ఛీ, పనికిమాలిన బార్" అని ఫట్టుమని తన్నింది. ఆ పిల్ల భుజానికి ఏ దెబ్బా లేదు! అందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం ఆ భుజం తిప్పడం దగ్గరే ఆగిపోయాను.

లెక్చర్ ఇవ్వాలనిపించింది, నోరు రాలేదు. పాత బార్ దగ్గరికి వెళ్లి, ఒంగుని ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. రెండు రోజుల క్రితం తన్నిన బార్‌కి ఇప్పుడు దణ్ణం. ఆ పిల్ల చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నేను తాళం తీసేసరికి బయట నిలబడి ఉంది. లోపలికి రాగానే చిన్న బార్‌ని కళ్లకద్దుకుని చాక్ డబ్బా వైపు వెళ్లింది. ఇప్పుడు పద్నాలుగు మందీ అదే చేస్తారు. ఎందుకని అడిగితే "అక్క చేస్తాది" అంటారు. నేను అప్పటికి ఒక్కసారే చేశాను. దాంతో నేనూ రోజూ చెయ్యాల్సి వస్తోంది.

మా పిన్ని కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా "దీనివల్ల నీకేటొస్తాదే?" అని అడుగుతాడు. మొదట్లో అకాడమీ, గుర్తింపు అంటూ ఏదో చెప్పేదాన్ని. ఇప్పుడు టీ తాగుతావా అని అడుగుతున్నాను. పొద్దున్న నాలుగున్నరకి అలారం లేకుండా మెలకువ వస్తోంది, మూడేళ్ల క్రితం షాపు టైమ్‌కి కూడా వచ్చేది కాదు. ఇది వాడికెలా చెప్పాలి.

వర్షం రోజుల్లో రేకుల మోతలో కోచింగ్ కుదరదు, కబుర్లే. 2000 సిడ్నీ కథ వాళ్లకి కంఠతా వచ్చు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి, 69 కిలోల విభాగం, స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తలపైకి) 130, మొత్తం 240, కంచు. ఒలింపిక్స్‌లో మెడల్ తెచ్చిన మొదటి భారత మహిళ. చివరి ప్రయత్నం 137.5, లేవలేదు. మొదటి రెండు స్థానాల వాళ్లు ఇద్దరూ 242.5. అంటే 135 అడిగి ఎత్తి ఉంటే బంగారం కదా అని మా గుంటలు షెడ్డులో కోర్టు పెడతారు. నేను ఆ గొడవలోకి వెళ్లను. ఆమెకి పన్నెండేళ్లప్పుడు మొదట నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర ఏ బార్లు ఉండేవో అన్నది నా ఆలోచన. సంతోషి కథ చెబితే ఇంకా చిక్కు. ఆమెకి మొదట వచ్చింది కంచు. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికాక వెండి అయింది. ఆ అమ్మాయికి పదహారేళ్లు. మా పిల్లలు సంతోషి సంగతి వదిలేసి, "ఆ అమ్మాయికి ఆ మందు ఎవరిచ్చారక్కా?" అని అడిగారు. ఆ రోజు నుంచి షెడ్డులోకి ఎవరు పౌడర్ డబ్బా తెచ్చినా ముందు నాకు చూపించాలి. మేం తాగేది చోడి (రాగి) అంబలి, తినేది గుడ్లు.

సరే, కొనాలా వద్దా. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఐదారుగురైనా ఉంటే కళ్లు మూసుకుని కొనండి. పెద్దవాళ్ల జిమ్ అయితే వద్దు, నెలలో వంచేస్తారు. ప్లాస్టిక్ ప్లేట్లు లేకుండా బార్ ఒక్కటే కొనకండి, సగం ఉపయోగం పోతుంది. ఖాళీ బార్‌ని పైనుంచి వదలొద్దు, అల్యూమినియం సొట్టపడుతుంది. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటి లాక్ రింగ్‌కి కోత.

బక్కపిల్ల ఇప్పుడు పదిహేను కిలోల బార్ అడుగుతోంది. మధ్యలో పది కిలోలది కొనాలి, చీటీ పాట వచ్చే నెల. చిన్న బార్‌ని నేను వర్షాలప్పుడు తుప్పు నీళ్లు పడకుండా ఇంటికి తెచ్చి వరండాలో రెండు మేకుల మీద పెడుతున్నాను. మా అమ్మ దాని మీద తువ్వాళ్లు ఆరేస్తోంది. గరుక్కి దారాలు పట్టుకుంటున్నాయని కంప్లైంట్ కూడా ఆవిడదే.