గొట్టం లేని యాసిడ్ పరీక్ష: ఒక్క రోజు సరిపోదు

ముక్కులోంచి గొట్టం వేస్తారన్న భయంతో రిఫ్లక్స్ (కడుపులోది అన్నవాహికలోకి ఎగదన్నడం) పరీక్ష వాయిదా వేస్తూ, గుండెల్లో మంటకి మాత్రలు మింగుతూ పోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేయించుకున్నది వైర్‌లెస్ పీహెచ్ పరీక్ష, అంటే అన్నవాహికలో యాసిడ్‌ని గొట్టం లేకుండా కొలిచేది. ఎండోస్కోపీ చేస్తూనే చిన్న క్యాప్సూల్‌ని అన్నవాహిక గోడకి, కడుపు మొదలయ్యే చోటుకి దాదాపు 6 సెంటీమీటర్ల పైన, పిన్నుతో బిగిస్తారు. మత్తులో ఉంటాం కాబట్టి ఆ సంగతి తెలియదు.

తర్వాత మాత్రం తెలుస్తుంది. ముద్ద మింగినప్పుడల్లా ఛాతీ మధ్యలో ఏదో అడ్డుపడ్డట్టు ఉండేది. నాకది క్రమంగా తగ్గింది. కొందరికి నొప్పి భరించలేనంతగా ఉండి, మళ్లీ ఎండోస్కోపీ చేసి తీయాల్సి వస్తుంది. ఈ మాట ముందే చెప్పాలి, నాకెవరూ చెప్పలేదు.

అయినా నేను ఈ పరీక్షకే ఓటేస్తాను. కారణం రోజుల సంఖ్య. గొట్టం పరీక్ష మామూలుగా 24 గంటలు. ఇది 96 గంటల దాకా నడుస్తుంది. పీహెచ్ 4 కంటే తక్కువగా ఉన్న (అంటే యాసిడ్ ఉన్న) సమయం మొత్తంలో 4 శాతం లోపు ఉంటే మామూలు, 6 శాతం దాటితే రిఫ్లక్స్ ఉన్నట్టు లెక్క. నాకు మొదటి రోజు 4 శాతం లోపే వచ్చింది. మత్తు వదలక, సరిగా తినక పడుకున్న రోజు అది! పనిలో పడి, ఎప్పట్లాగే తిని తిరిగిన మిగతా రోజుల్లో 6 దాటింది. ఆ మొదటి రోజుతోనే ఆపేసి ఉంటే "మీకేం లేదు" అని పంపించేసేవారు.

క్యాప్సూల్ పంపే సిగ్నల్‌ని పట్టే రికార్డర్ మన దగ్గరే ఉంటుంది, దాని మీద మీటలుంటాయి. మంట వచ్చినా, పుల్లటి నీళ్లు పైకి వచ్చినా వెంటనే నొక్కాలి; తిన్న వేళ, పడుకున్న వేళ రాసుకోవాలి. బద్ధకించకండి. యాసిడ్ పైకి వచ్చిన 2 నిమిషాల్లోపు బాధ మొదలైందా అని చూసేది వీటితోనే. నా మంట యాసిడ్ వచ్చిన వేళలతో సరిపోలింది. దగ్గు సరిపోలలేదు. దానికి వేరే కారణం వెతుకుతున్నారు, అదీ నాకు లాభమే.

కష్టమైంది పరీక్ష కాదు, దానికి ముందు వారం. యాసిడ్ మాత్రలు డాక్టర్ చెప్పినట్టు ఆపాలి, ఆ రాత్రులు నిద్ర ఉండదు.

ఇది యాసిడ్‌నే పట్టుకుంటుంది. యాసిడ్ లేని ద్రవం పైకి రావడం తెలియాలంటే గొట్టంతో చేసే ఇంపిడెన్స్ పరీక్షే కావాలి. ఎండోస్కోపీలోనే అన్నవాహిక బాగా పుండుపడినట్టు కనిపిస్తే రోగనిర్ధారణకి ఇది అక్కర్లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

క్యాప్సూల్ కొన్ని రోజులకి దానంతటదే ఊడి మలంలో పోతుంది. పెట్టించుకున్న 30 రోజుల దాకా ఎంఆర్ఐ చేయించుకోకూడదు. స్నానానికి వెళ్లేటప్పుడు రికార్డర్‌ని తడవకుండా మీటరు లోపు దూరంలో పెట్టుకోండి, దూరమైతే సిగ్నల్ పోతుంది.