డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పోతే మళ్లీ అదే వేయించాలా, సింగిల్ మాస్‌కి మారాలా? రెండూ నడిపాక నా అభిప్రాయం

మా ఇంట్లో రెండు బండ్లున్నాయి. నల్లగొండ ఊళ్లో తిరగడానికి మూడు సిలిండర్ల పెట్రోలు వాగనార్. హైదరాబాద్, మిర్యాలగూడ, శ్రీశైలం ఎటు పోవాలన్నా రెండు లీటర్ల టర్బో డీజిల్ ఎస్‌యూవీ. ఫ్లైవీల్ అంటే ఇంజన్‌కీ క్లచ్‌కీ మధ్య తిరిగే బరువైన చక్రం. వాగనార్‌లో ఉన్నది ఒకే ముక్కగా ఉండే సింగిల్ మాస్ ఫ్లైవీల్, డీజిల్‌లో ఉన్నది రెండు ముక్కల డ్యూయల్ మాస్. మా బావమరిది దగ్గర కూడా ఇదే మోడల్ డీజిల్ ఉంది. ఆయన డ్యూయల్ మాస్ తీయించి సింగిల్ మాస్ కిట్ వేయించుకున్నాడు. పొలం పనులకీ పెళ్లిళ్లకీ బండ్లు మార్చుకుంటూ ఉంటాం కాబట్టి అది కూడా నా చేతిలో చాలానే తిరిగింది. డీజిల్ బండి కంపెనీ పేరు రాయడం లేదు. ఈ పార్టు చాలా కంపెనీల డీజిళ్లలో ఉంటుంది, పోయే తీరు కూడా అన్నింట్లో దాదాపు ఒకటే.

నా మాట ముందే చెప్తాను. కంపెనీ డ్యూయల్ మాస్ పెట్టి అమ్మిన డీజిల్‌లో అది పోతే మళ్లీ డ్యూయల్ మాసే వేయించండి. బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. అయినా అదే వేయించండి.

ఎందుకో చెప్పాలంటే అసలు అది చేసే పని తెలియాలి. ఇంజన్ బలం ఒకే ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ, మూడు సిలిండర్లలో అయితే 240 డిగ్రీలకొకటి. దెబ్బకీ దెబ్బకీ నడుమ క్రాంక్ కాస్త నెమ్మదించి మళ్లీ వేగం అందుకుంటుంది. ఫ్లైవీల్ తన బరువుతో ఆ ఎగుడుదిగుడును సర్దుతుంది. సింగిల్ మాస్‌లో ఉండేది ఒకే ఇనుప చక్రం. దాన్ని దాటి వచ్చే అదురును క్లచ్ ప్లేట్ మధ్యలో ఉండే పొట్టి స్ప్రింగులు చేతనైనంత పీల్చుకుంటాయి. డ్యూయల్ మాస్ మన విసుర్రాయిలాగా రెండు భాగాలు. ఒకటి క్రాంక్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది, రెండోదాని మీద క్లచ్ కూర్చుంటుంది. రెండింటి మధ్య గ్రీజులో మునిగిన పొడవాటి, వంపు తిరిగిన స్ప్రింగులుంటాయి.

అదురు బాగా పెరిగిపోయే ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్ల లెక్క) ఒకటి ప్రతి బండికీ ఉంటుంది. సింగిల్ మాస్‌తో అది మనం రోజూ నడిపే ఆర్‌పీఎమ్‌ల మధ్యలోనే వచ్చి పడుతుంది. డ్యూయల్ మాస్‌లో గేర్‌బాక్స్ వైపు బరువు ఎక్కువ, స్ప్రింగులు మెత్తన. అందువల్ల ఆ అదురు ఐడ్లింగ్ (బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగే వేగం) కంటే కిందికి దిగిపోతుంది. నడుపుతున్నప్పుడు మనకు తగలదు. సెల్ఫ్ కొట్టినప్పుడూ బండి బంద్ చేసినప్పుడూ మాత్రం ఇంజన్ దాన్ని దాటి తీరాలి. ఫ్లైవీల్ అరిగినప్పుడు మొదట చప్పుడు వినిపించేది కూడా ఆ రెండు సమయాల్లోనే.

నా బండిలోనూ అట్లాగే మొదలైంది. లక్ష కిలోమీటర్లు దాటిన కొంత కాలానికి బండి ఆపగానే కింద ఇనుము ఇనుముకి తగిలినట్టు ఒక చప్పుడు. తర్వాత క్లచ్ పెడల్ మీద సన్నటి వణుకు. ఒక వర్క్‌షాపులో గేర్‌బాక్స్ పోయిందన్నారు. ఇంకోచోట ఇంజన్ మౌంటింగులు మార్చమన్నారు. చివరికి హైదరాబాద్ ఆటోనగర్‌లో పెద్ద బండ్ల పని చేసే ఒకాయన బానెట్ కూడా ఎత్తలేదు. "అన్నా, ఒక్కసారి బంద్ చెయ్యి. ఆఖర్న వచ్చే సప్పుడు ఇను. మళ్ల సెల్ఫ్ కొట్టు" అన్నాడు. రెండుసార్లు విని ఫ్లైవీల్ అని తేల్చేశాడు. గేర్‌బాక్స్ దింపాక చేత్తో తిప్పి చూపించాడు. వెనక భాగం కొద్దిగా తిరగాలి, ఆపైన స్ప్రింగు ఆపాలి, వదిలితే వెనక్కి రావాలి. నాదాంట్లో స్ప్రింగు ఆపడమే లేదు, లొడలొడమంటూ తిరుగుతోంది. అంచు పట్టుకుని ఊపితే అటూ ఇటూ ఒరుగుతోంది. గ్రీజు బయటికి కారి నల్లగా గడ్డ కట్టింది. ఎంత తిరగొచ్చు, ఎంత ఒరగొచ్చు అనే లెక్క కంపెనీ ప్రతి మోడల్‌కీ వేరుగా ఇస్తుంది. నా బండిని చూశాక లెక్కతో పని పడలేదు.

ఫ్లైవీల్, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, కొత్త బోల్టులు, పనికూలీ అన్నీ కలిపి అర లక్ష దాటింది. బోల్టుల దగ్గర పిసినారితనం వద్దు. చాలా బండ్లలో ఫ్లైవీల్ బోల్టులు బిగించేటప్పుడు సాగే రకం, తీసినవి మళ్లీ వాడకూడదు. గేర్‌బాక్స్ ఎలాగూ దింపారు కాబట్టి రిలీజ్ బేరింగ్ కూడా మార్చేయడమే తెలివి.

మా బావమరిదికి ఇదే పని సింగిల్ మాస్ కిట్‌తో సగం ఖర్చులో అయిపోయింది. ఆ కిట్‌లో ఒక్క ముక్క ఫ్లైవీల్, స్ప్రింగులున్న క్లచ్ ప్లేట్ వస్తాయి. వచ్చేసారి ఫ్లైవీల్ మొహం లేత్ మీద సాపు చేయించి, క్లచ్ మార్చుకుంటే చాలు. డబ్బు లెక్కలో ఆయనదే గెలుపు, అందులో మారుమాట లేదు.

ఆయన బండి నడిపితే మాత్రం తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. న్యూట్రల్‌లో నిలబెట్టి క్లచ్ వదిలితే గేర్‌బాక్స్‌లోంచి గరగరమంటూ చప్పుడు వస్తుంది, క్లచ్ తొక్కితే పోతుంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే మీద ఎనభై తొంభైలో పోతుంటే పెద్దగా తెలియదు, హాయిగానే ఉంటుంది. దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయినప్పుడు అసలు సంగతి బయటపడింది. మన్ననూరు దాటి నల్లమల మలుపుల్లో ఆర్‌పీఎమ్ 1,500 దగ్గరకు పడిన ప్రతిసారీ బండి మొత్తం గూ అని మోగింది, గేర్ రాడ్ చేతిలో జలదరించింది. అదే ఘాట్‌లో నా బండి ఆ మాటే ఎత్తదు. ఆ అదురు ఎక్కడికీ పోలేదు కదా, గేర్‌బాక్స్ పళ్ల మీదికీ బేరింగుల మీదికీ వెళ్తోంది. 1,700 ఆర్‌పీఎమ్‌కే 300 న్యూటన్ మీటర్లు దాటే టార్క్ (తిప్పే బలం) వచ్చే ఇంజన్‌కి చిన్న క్లచ్ స్ప్రింగులు సరిపోవు. ఆయన గేర్‌బాక్స్ ఇప్పటికి బాగానే ఉంది. అయినా నా బండికి ఆ పని చేయించను.

పెట్రోలు సంగతి వేరు. వాగనార్ ఒక లీటరు ఇంజన్ టార్క్ సుమారు 90 న్యూటన్ మీటర్లు. పెట్రోలులో కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క, 10:1, 11:1 దగ్గర ఉంటే డీజిల్‌లో 16:1 చుట్టుపక్కల ఉంటుంది. దెబ్బ అంత తేలిక కాబట్టి సింగిల్ మాస్ చక్కగా సరిపోతుంది. ఇన్నేళ్లలో మా వాగనార్ ఫ్లైవీల్‌ని ఎవరూ ముట్టుకోలేదు. అలాగని పెట్రోలంటే అన్నీ సింగిల్ మాసే అనుకోకండి. ఫోక్స్‌వాగన్, స్కోడాల ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) పెట్రోళ్లలో డ్యూయల్ మాసే ఉంటుంది.

కొత్తది వేయించాక దాన్ని కాపాడుకునే పద్ధతి మన చేతిలోనే ఉంది. దాన్ని తొందరగా తినేసేది మైలేజీ కోసం పెద్ద గేర్‌లో 1,200 ఆర్‌పీఎమ్‌తో ఈడ్చడం. మనవైపు చాలామంది ఐదో గేర్ వేసి నలభైలో పోతూ డీజిల్ మిగులుతోందని సంబరపడతారు. అక్కడ నలిగేది ఆ వంపు స్ప్రింగులే. రెండోది బ్యాటరీ. అది నీరసంగా ఉంటే సెల్ఫ్ మెల్లగా తిరుగుతుంది, ఇంజన్ ఆ అదురు ఆర్‌పీఎమ్‌లోనే ఎక్కువసేపు కొట్టుకుంటుంది. బ్యాటరీ మార్చడం వాయిదా వేస్తే ఫ్లైవీల్‌కి ఎసరు పెట్టినట్టే. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి సరిగా పనిచేయక ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉన్నా అంతే. ఇక సంక్రాంతి ముందు పంతంగి టోల్ దగ్గర కిలోమీటర్ల లైన్లో హాఫ్ క్లచ్ మీద పాకితే వేడికి గ్రీజు ఎండుతుంది. ముందు బండి జరిగినప్పుడల్లా జరగొద్దు, నాలుగు బండ్ల జాగా అయ్యేదాకా న్యూట్రల్‌లో ఆగండి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక మారుతి లాంటి కంపెనీలు డీజిళ్లు మానేశాయి. ఇప్పుడు డీజిల్ కావాలంటే చాలామందికి సెకండ్ హ్యాండే దిక్కు. అవి ఎక్కువగా ఈ ఫ్లైవీల్ పోయే వయసులోనే చేతికొస్తాయి. కొనే ముందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పోయి సెల్ఫ్ మీరే కొట్టండి, అద్దాలు దించి బంద్ చేసి వినండి. మూడో గేర్‌లో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, వణుకో చప్పుడో వస్తుందేమో చూడండి. క్లచ్ మార్చామని చెప్తే బిల్లు అడిగి, అందులో ఫ్లైవీల్ ఉందా, ఉంటే ఏ రకమో చూడండి. సింగిల్ మాస్ కిట్ అని ఉంటే గేర్‌బాక్స్ చప్పుడు ఇంకా శ్రద్ధగా వినండి. క్లచ్ కొత్తదై ఫ్లైవీల్ పాతదే అయితే బేరంలో ముప్పై నలభై వేలు తగ్గించమని అడగండి, ఆ ఖర్చు మీ నెత్తిన పడేలా ఉంది కాబట్టి.