కాన్ఫిగ్ ఫైల్‌లో చెత్త క్యారెక్టర్ దూరితే: అరిచే పార్సర్ మేలా, సర్దుకుపోయే పార్సర్ మేలా?

అమీర్‌పేట్‌లో కోర్సు చేస్తున్నోళ్లకైనా, గచ్చిబౌలిలో ఏళ్లుగా పనిచేస్తున్నోళ్లకైనా ఈ లొల్లి తెలిసిందే. ఎవరో వర్డ్‌లోనో ఐఫోన్‌లోనో రాసుకున్న సెట్టింగ్ తెచ్చి కాన్ఫిగ్ ఫైల్‌లో (ప్రోగ్రామ్ సెట్టింగ్స్ రాసి పెట్టుకునే ఫైల్) పేస్ట్ చేస్తారు, మామూలు కోట్స్ కాస్తా వంకర కోట్స్ అయిపోయి ఉంటాయి, కంటికి పెద్దగా తేడా కనపడదు, ఆ ఫైల్‌ని చదివి అర్థం చేసుకునే పార్సర్‌కి మాత్రం అవి పూర్తిగా వేరే క్యారెక్టర్లు.

కాన్ఫిగ్ రాసే ఫార్మాట్లలో జేసన్ (JSON) అయితే అక్కడికక్కడే ఖతం, ఫైల్ లోడ్ కాదు. టామల్ (TOML) కూడా అంతే. యామల్ (YAML) మాత్రం ఆ వంకర కోట్స్ కూడా వాల్యూలో భాగమే అనుకుని గుటుక్కున మింగేస్తది, డేటాబేస్ పేరుకి అటూ ఇటూ రెండు కోట్స్ తగిలించుకుని సర్వర్ హాయిగా లేస్తది, తర్వాత కనెక్షన్ ఫెయిలైతే మనం నెట్‌వర్క్ టీమ్‌ని తిడుతూ కూర్చుంటాం. అదే యామల్ ఇండెంటేషన్‌లో ఒక్క ట్యాబ్ కనపడితే ఊరుకోదు మళ్లీ! ఇక ఇనీ (INI) ఫైళ్లకి అసలు ఒక స్టాండర్డే లేదు. ఆ ఫైళ్లని చదివే పైథాన్ కాన్ఫిగ్‌పార్సర్‌కి పాస్‌వర్డ్‌లో ఒంటరి పర్సెంట్ గుర్తు ఇచ్చి చూడండి, ఫైల్ చదివేటప్పుడు కిక్కురుమనదు, కోడ్‌లో ఆ వాల్యూ అడిగినప్పుడు మాత్రం ఎర్రర్ కొడతది, అది అర్ధరాత్రి నడిచే జాబ్ అయితే మీ ఖర్మ.

కాబట్టి నా ఓటు తప్పు కనపడగానే ఎర్రర్ ఇచ్చి అరిచేదానికే. వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్లే మధ్యేమార్గం ఉంది కదా అంటారు, స్టార్టప్ లాగ్ ఎవరు చదువుతున్నారండీ?

అరవడంలో కూడా తేడాలున్నాయి. కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట్లో బామ్ (BOM) అని, ఎన్‌కోడింగ్ (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) ఏంటో చెప్పే మూడు కనపడని బైట్లు పెడతాయి. పైథాన్ జేసన్ మాడ్యూల్ అయితే బామ్ వచ్చింది, ఫలానా ఎన్‌కోడింగ్‌తో చదువు అని మందు కూడా చెప్తది. కాన్ఫిగ్‌పార్సరేమో సెక్షన్ హెడర్ లేదంటది, కళ్లముందు హెడర్ కనపడుతుంటే! నన్నడిగితే ఈ ఒక్క బామ్ విషయంలో సర్దుకుపోవడమే మంచిది, తీసేసినా అర్థం మారదు కాబట్టి. 2017 నాటి జేసన్ స్టాండర్డ్ ఆర్‌ఎఫ్‌సీ 8259 కూడా నెట్‌వర్క్‌లో పంపే జేసన్‌కి బామ్ పెట్టొద్దు అంటూనే, వస్తే చదివేవాడు వదిలేయొచ్చు అంటది.

మన తెలుగోళ్లకి ఇంకో స్పెషల్ తలనొప్పి ఉంది. సాఫ్ట్‌వేర్ అని టైప్ చేసేటప్పుడు వ కాస్తా ట కింద వత్తుగా పోకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని క్యారెక్టర్ వస్తది. కీ (సెట్టింగ్‌ని గుర్తించే పేరు) లోనే అది ఉందనుకోండి, ఫైల్‌లో ఉండి కోడ్‌లో లేకపోతే రెండూ వేరే కీలు. యామల్ ఏమీ అనదు. టామల్ 1.0 కోట్స్ లేని కీలో ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్ తప్ప దేన్నీ రానివ్వదు, కానీ కోట్స్ పెట్టి రాస్తే అదీ ఒప్పుకుంటది. అంటే ఇక్కడ పార్సర్ ఎంత స్ట్రిక్ట్ అయినా లాభం లేదు, తెలియని కీ వస్తే స్టార్ట్ అవ్వనని మన ప్రోగ్రామే మొండికేయాలి.

కొత్త ప్రాజెక్ట్ అయితే టామల్ తీసుకోండి, పైథాన్ 3.11 నుంచి చదివే మాడ్యూల్ లోపలే వస్తది. ఆల్రెడీ యామల్‌లో ఇరుక్కున్నోళ్లు కనీసం మెర్జ్‌కి (మార్పుని మెయిన్ కోడ్‌లో కలపడానికి) ముందు వంకర కోట్స్‌నీ, కనపడని క్యారెక్టర్లనీ పట్టే చిన్న స్క్రిప్ట్ ఒకటి పెట్టుకోండి.