ఆయ్ స్టిక్కర్లు, 16 కిలోల పుస్తకాలు: హైదరాబాద్, బెంగళూరు కామిక్ కాన్‌లలో నా ఐదు రోజులు

200 పుస్తకాలు అట్టపెట్టెలో సర్ది, మా వీధి చివర కిరాణా కొట్లో తూకం వేయిస్తే 16 కిలోలు వచ్చాయి. నాలుగేళ్లుగా ఫోన్ తెరమీదే ఉన్న నా బొమ్మల కథని అలా రెండు చేతులతో ఎత్తుకోవడం అదే మొదటిసారి. ఇంటికొచ్చాక మా అమ్మ పెట్టెకి పసుపు బొట్టు పెట్టింది.

నేను రాజమండ్రిలో ఉంటాను. గోదావరి లంకలో ఒక తాత, మనవరాలు, వాళ్ల పాత పడవ. ఈ ముగ్గురి కథ వారానికొకటి గీసి ఆన్‌లైన్‌లో పెడుతుంటాను. బొమ్మల కథలు గీసేవాళ్లూ, వాటి అభిమానులూ ఒకచోట చేరే పెద్ద సంత కామిక్ కాన్. అది 2011లో ఢిల్లీలో మొదలై 2013లో హైదరాబాద్ వచ్చినప్పుడు చూడ్డానికి వెళ్లాలన్నా నా దగ్గర డబ్బుల్లేవు. 2024 నవంబర్‌లో అదే హైదరాబాద్‌లో, హైటెక్స్ ఎగ్జిబిషన్ హాల్లో, ఆర్టిస్టుల వరసలో సగం టేబుల్ నాది. మిగతా సగం విజయవాడ నుంచి వచ్చిన ఇంకో ఆర్టిస్టుది. రెండు నెలలకే బెంగళూరు కూడా వెళ్లొచ్చాను. టేబుల్ వేద్దామనుకునే తెలుగు ఆర్టిస్టులు చాలామంది అడుగుతున్నారు కాబట్టి అన్నీ వివరంగా రాస్తున్నాను.

అసలు ప్రయాణం ప్రెస్సు దగ్గరే మొదలైంది. ఫోన్ కోసం పైనుంచి కిందికి పొడుగ్గా గీసిన బొమ్మలు పుస్తకంలో పట్టవు, ప్రతి పేజీ మళ్లీ అమర్చుకోవాలి. ఎ5 పేజీ (ఎ4 కాగితంలో సగం) 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో రావాలంటే 1748 పిక్సెళ్ల వెడల్పు కావాలి. నా పాత ఎపిసోడ్లన్నీ 800 వెడల్పులోనే ఉన్నాయి. కథలో సగం మళ్లీ గీశాను. తెర మీద మెరిసే గోదావరి నీలం కాగితం మీదికి వచ్చేసరికి బూడిద కలిపినట్టు అయింది. అది సరిచేసుకోవచ్చు. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది అక్షరాలు. ప్రెస్సులో పేజీలు కూర్చే డీటీపీ అబ్బాయికి పాత పద్ధతి అను ఫాంట్లు అలవాటు, నేను ఇచ్చింది ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్. మొదటి ప్రూఫ్‌లో మా పడవ పేరు ‘మహాలక్ష్మి’ కాస్తా ‘మహాలక్‌ష్‌మి’ అయి కూర్చుంది. ఒత్తులన్నీ విడిపోయాయి. నా సిస్టమ్‌లోనే అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పని లేని బొమ్మ గీతలుగా మార్చి పంపితే అప్పుడు నిలబడ్డాయి. తెలుగులో పుస్తకం వేసే ప్రతి ఆర్టిస్టుకీ చెప్తున్నాను, ఫాంటు ఫైలు ఇచ్చి ఊరుకోకండి, కర్వ్స్ చేసే ఇవ్వండి, ప్రూఫ్‌లో ప్రతి బెలూనూ చదవండి. 32 పేజీల పుస్తకం ఒక్కోటి 62 రూపాయలు పడింది. 150కి అమ్మాను.

హైదరాబాద్‌కి గౌతమి ఎక్స్‌ప్రెస్. ఇది లింగంపల్లి దాకా వెళ్తుంది కాబట్టి సికింద్రాబాద్‌లో దిగి నగరం మొత్తం దాటాల్సిన పని లేదు. లింగంపల్లి నుంచి కొండాపూర్ వైపు ఆటోలో వెళ్లిపోవచ్చు. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల సామాను ఉచితం, పుస్తకాలు, స్టాండు, ప్రింట్లు అన్నీ కలిపి నాది 26 కిలోలే. ఆర్టీసీ కార్గోలో ముందే పంపుదామా అనుకున్నాను కానీ బస్టాండుకి వెళ్లి తెచ్చుకోవాలి. సీటు కింద పెట్టె కనిపిస్తుంటేనే నాకు నిద్ర పడుతుంది.

బసలో మాత్రం దెబ్బ తిన్నాను. కొత్తగూడ దగ్గర ఒక లాడ్జి యాప్‌లో చూసి ముందే డబ్బు కట్టాను. తీరా వెళ్తే కౌంటర్లో అతను “మీ బుకింగ్ మాకు రాలేదు మేడమ్” అన్నాడు. గంటసేపు ఫోన్లు చేశాక మూడో అంతస్తులో గది ఇచ్చాడు, లిఫ్టు పనిచేయడం లేదు. నేనూ, నాకు తోడొచ్చిన మా పిన్ని కూతురూ పెట్టె చెరో వైపు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాం. బాత్రూమ్‌లో నీళ్లు సాయంత్రానికి గానీ రాలేదు. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి కొండాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌కి మారాం. రోజుకి 650, టిఫిన్, రాత్రి భోజనం అందులోనే. గది చిన్నది, మంచాలు గట్టివి, గేటు పదింటికి మూసేస్తారు. అయినా ఆ వార్డెన్ ఆంటీ మా పెట్టె చూసి “పైకెందుకమ్మా మొయ్యడం, నా గదిలో పెట్టుకోండి” అంది. ఆ మూడు రోజులకి అంతకన్నా మంచి బస నాకు అక్కర్లేదు. ఆడపిల్లలు ఇద్దరు కలిసి వెళ్తుంటే లాడ్జి కన్నా ఇదే అడుగుతాను.

మొదటి రోజు నవంబర్ 15, శుక్రవారం, కార్తీక పౌర్ణమి. ఊళ్లో అందరూ గోదావరిలో దీపాలు వదిలే రోజున నేను టేబుల్ మీద గుడ్డ పరిచి పుస్తకాలు పేర్చుకున్నాను. మధ్యాహ్నం దాకా పలచగానే ఉంది, ఆ రోజు 22 పుస్తకాలు పోయాయి. శనివారం నుంచి ఊపిరాడలేదు. కాస్‌ప్లే అని ఇష్టమైన పాత్రల వేషాలతో వచ్చిన పిల్లల రెక్కలు, కత్తులు తగలకుండా పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. టేబుల్ వదిలి వెళ్లడం కుదరదని ముందే ఎవరో చెప్తే పులిహోర, అరటిపళ్లు తెచ్చుకున్నాం. అంతమంది ఒకచోట చేరితే ఫోన్ నెట్‌వర్క్ నత్తనడక నడుస్తుంది, క్యూఆర్ కోడ్‌తో పాటు యాభై రూపాయల నోట్లు, పదుల చిల్లర దగ్గర పెట్టుకోండి. మేం చిల్లర లేక మొదటి రోజు కొన్ని అమ్మకాలు వదులుకున్నాం.

మా వరసలో ఎక్కువమంది జపాన్ యానిమే, అమెరికా సూపర్ హీరోల బొమ్మలు గీసి అమ్మారు. వాటి ముందు జనం ఆగుతారు, అది నిజం. నేను అలా వేరేవాళ్ల పాత్రలు గీసి (ఫ్యాన్ ఆర్ట్ అంటారు) అమ్మకూడదనుకున్నాను, నా పాత్రలతోనే నిలబడాలనుకున్నాను. దానికి బదులు తెలుగు మాటల స్టిక్కర్లు చేశాను. ‘అబ్బో’, ‘సర్లెండి’, ‘ఏటండీ బాబూ’, అన్నిటికంటే పెద్దది మా గోదావరి వాళ్ల ‘ఆయ్’. దూరం నుంచి ఆ ఒక్క మాట చూసి “ఆయ్!” అని అరుస్తూ వచ్చిన భీమవరం కుర్రాళ్ల గుంపు తలా మూడేసి కొన్నారు. ఆదివారం మధ్యాహ్నానికి ఆయ్‌లు అయిపోయాయి. స్టిక్కర్ కోసం వచ్చినవాళ్లలో చాలామంది పుస్తకం తిరగేసి, అదీ తీసుకున్నారు. జనాన్ని ఆపాలంటే ఫ్యాన్ ఆర్టే వెయ్యాలని నాతో అన్నవాళ్లందరికీ ఈ మాట చెప్పాలని ఉంది.

శనివారం సాయంత్రం ఒక బాబు వచ్చాడు. తొమ్మిదేళ్లుంటాయి, మొహానికి సాలీడు ముసుగు. నా పుస్తకంలో పడవ బొమ్మ చూసి ఆగాడు, కానీ తెలుగు చదవడం రాదు. వాళ్లమ్మ “ఇలా ఇవ్వు నాన్నా” అని అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఆవిడ కూడా తెలుగు చదివి చాలా రోజులైనట్టుంది, కూడబలుక్కుంటూ మెల్లగా చదివింది. వాడు ముసుగు నుదుటి మీదికి తోసుకుని పేజీ మీదికి వంగాడు. తాత పడవ తాడు విప్పే చోట ఆవిడ ఆగితే “తర్వాత?” అన్నాడు. నాలుగు పేజీలు అలా నిలబడే చదివారు. ఆ తర్వాత ఇంటికి వెళ్లి చదువుకుంటామని తీసుకెళ్లారు. ఆ నాలుగు పేజీలూ గీసినప్పుడు చెయ్యి నొప్పితో ఎన్ని రాత్రులు కూర్చున్నానో నాకు తెలుసు. టేబుల్ వెనక నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

ఆదివారం మనవళ్లతో వచ్చిన ఒక పెద్దాయన బుజ్జాయి గారి బొమ్మల కథలు చదువుతూ పెరిగానన్నారు. కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి తెలుగులో ఈ దారి వేసిన తొలితరం మనిషి. పుస్తకాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, దగ్గరకి తెచ్చి, మళ్లీ దూరంగా పెట్టి, “బొమ్మ బాగుందమ్మా, అక్షరం కాస్త పెద్దది వెయ్యాలి” అన్నారు. ఫోన్‌లో అయితే వేళ్లతో పెద్దది చేసుకుంటారు, కాగితం మీద ఆ వీలు లేదు. పైగా తెలుగుకి కింద ఒత్తులు, పైన గుడులు, వరసకీ వరసకీ మధ్య చోటు కావాలి. నేను అక్షరం సైజు 8 పాయింట్లు పెట్టాను. ఆయన మాట రాసుకున్నాను.

మూడు రోజుల్లో 131 పుస్తకాలు పోయాయి. ఖర్చులన్నీ పోను 7,400 మిగిలింది.

బెంగళూరు కామిక్ కాన్ 2025 జనవరి 18, 19. వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీవో ఎగ్జిబిషన్ హాల్లో. కనుమ 15న. పండక్కి ఊరొచ్చిన వాళ్లందరూ తిరిగి వెళ్లే రోజులు కావడంతో శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు చూసి ఆశ వదిలేసి ప్రైవేటు బస్సెక్కాను. పెట్టెకి 600 అదనంగా అడిగారు, బస్సు ఐదు గంటలు ఆలస్యం. సంక్రాంతి వారంలో వెళ్లేవాళ్లు రెండు నెలల ముందే రైలు టికెట్ తీసుకోండి. తిరుగు ప్రయాణంలో పర్పుల్ లైన్ మెట్రోలో కృష్ణరాజపురం దాకా వచ్చి అక్కడే శేషాద్రి ఎక్కాను, నగరం లోపలికి వెళ్లనే లేదు. బస ఏఈసీఎస్ లేఔట్‌లో, రాత్రికి 1,400. ఖరీదే, కానీ హాలుకి దగ్గర. కింద ఆంధ్రా మెస్సులో గోంగూర, ముద్దపప్పు, అడగకముందే మారు వడ్డన. అలిసిపోయిన రాత్రి దగ్గర్లోని గది విలువ తెలుస్తుంది.

అక్కడ కామిక్స్ చదివేవాళ్లు ఎక్కువ కనిపించారు. కాగితం పట్టుకుని చూస్తారు, ఏ బ్రష్షు వాడారని అడుగుతారు. కానీ “ఇంగ్లిష్‌లో ఉందా?” అన్న ప్రశ్న రెండు రోజులూ వింటూనే ఉన్నాను. ఒక కన్నడ అమ్మాయి మాత్రం అడగలేదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కదా, వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ “తా... త. మాక్కూడా తాతే!” అని నవ్వింది. ‘ఊరు’ చదివింది, ‘అమ్మ’ చదివింది. కొన్నిచోట్ల కాసేపు తడబడింది. బొమ్మల సాయంతో ఒక పేజీ మొత్తం పూర్తిచేసి కొనుక్కుంది. అక్కడ 38 పుస్తకాలు పోయాయి, చేతి నుంచి 2,300 పడింది. తెలుగులో గీసేవాళ్లు మొదటి టేబుల్ హైదరాబాద్‌లోనే వేసుకోండి. బెంగళూరు వెళ్తే కథ గురించి ఇంగ్లిష్‌లో ఒక పేజీ, కన్నడలో ఒక పేజీ రాయించుకుని వెళ్లండి. వచ్చేసారి నేను అలాగే వెళ్తాను.

ఇంకా 31 మిగిలాయి. రెండో ముద్రణకి అక్షరాన్ని 11 పాయింట్లకి పెంచాను. బెలూన్లు పెద్దవయ్యాయి, బొమ్మలు జరపాల్సి వచ్చింది, 32 పేజీలు 40 అయ్యాయి. ప్రూఫ్ నిన్న వచ్చింది. పడవ మీద ‘మహాలక్ష్మి’ ఒత్తులతో సహా సరిగ్గా ఉంది.