పచ్చి మాంసమా, ఉడికించిందా, డ్రై ఫుడ్డా: మన కుక్కకి ఏది మేలు?

మా కుక్క బ్రూనోకి పచ్చి మాంసం, ఎముకలు మొదలుపెట్టి మూడు వారాలైంది. ఉదయాన్నే బయటికి తీసుకెళ్తే నడుం గూనిగా వంచి ముక్కడం మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నా వైపు చూస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. చివరికి సుద్దముక్కలాంటి తెల్లటి ఉండ ఒకటి వచ్చింది. కాగితంతో తీయబోతే పొడిపొడిగా రాలిపోయింది. ఎముక ఎక్కువైతే అలా అవుతుందని నాకు అప్పటికే తెలుసు. తప్పింది లెక్క. గిన్నెలో పది శాతం ఎముక ఉండాలని రాసుకుని, రోజూ మాంసంతో పాటు బోలెడన్ని కోడి రెక్కలు వేశాను. కోడి రెక్క బరువులో దాదాపు సగం ఎముకే. మెడ ముక్కల్లో మూడో వంతు పైనే. నేను అనుకున్నదానికి రెండు మూడు రెట్ల ఎముక వాడి కడుపులోకి వెళ్తోంది.

బ్రూనోకి ఐదు నెలలు పచ్చి మాంసం పెట్టాను. అంతకుముందు మూడేళ్లు డ్రై ఫుడ్ పెట్టాను, ఇప్పుడు ఉడికించి పెడుతున్నాను. మూడూ పెట్టి చూశాక నాకు అర్థమైంది ఇది: పచ్చి మాంసం గురించి మాట్లాడేటప్పుడు మనం రెండు వేరు వేరు సంగతుల్ని కలిపేస్తున్నాం. తాజా మాంసం తినడం ఒకటి, దాన్ని పచ్చిగా తినడం ఇంకొకటి. మనకు కనబడే లాభాలు చాలావరకు మొదటిదాని వల్ల వస్తాయి. ప్రమాదాలు చాలావరకు రెండోదాని వల్ల వస్తాయి.

ఈ పద్ధతి జనంలోకి బాగా వెళ్లింది 1990ల్లో. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో రాసిన పుస్తకంతో దీనికి ఊపు వచ్చింది. కుక్క తోడేలు సంతతి, తోడేలు వండుకుని తినదు, కాబట్టి కుక్కకీ పచ్చి మాంసం, ఎముకలే సహజమైన తిండి అన్నది అసలు వాదం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వేల ఏళ్లు మనిషి పక్కన బతికిన జంతువు తోడేలుగా మిగిలిపోలేదు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమ్‌కి సంబంధించిన జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులే ఉంటుంది. కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నట్టు 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. అంటే ఉడికిన ధాన్యాన్ని, దుంపల్ని కుక్క చక్కగా అరిగించుకోగలదు. పైగా అడవిలో తోడేలు పదిహేనేళ్లు బతకాల్సిన పని లేదు, పిల్లల్ని కని పెంచితే చాలు. మన కుక్కకి పదిహేనేళ్లు కావాలని మనం ఆశపడుతున్నాం. అందుకని తోడేలు ఏం తింటుందన్న ప్రశ్నను నేను పక్కన పెట్టేశాను.

పచ్చి మాంసంతో నిజంగా మారినవి

మార్పు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. రెండో నెలకి బ్రూనో బొచ్చు చేతికి జారుతున్నట్టుగా నున్నగా అయింది. మలం సగానికి తగ్గింది, వాసనా తగ్గింది. డ్రై ఫుడ్ గిన్నె దగ్గర వాసన చూసి వెళ్లిపోయేవాడు కాస్తా గిన్నె చప్పుడు వినగానే పరిగెత్తుకొచ్చేవాడు. వెనక దవడ పళ్ల మీద పసుపుగా పట్టిన గార పలచబడింది.

ఒక్కొక్కటీ విడదీసి చూడండి. బొచ్చు మెరుపు కొవ్వు వల్ల వస్తుంది, మాంసం ఉడికించినంత మాత్రాన ఆ కొవ్వు ఎక్కడికీ పోదు. ఉడికించిన నీళ్లు కూడా గిన్నెలోనే పోస్తే సరిపోతుంది. మలం తగ్గడానికి కారణం తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఒంటికి పట్టడం. ఉడికిన మాంసమూ అలాగే పడుతుంది. ఆకలి పెరగడానికి రుచి, వాసన, తడి చాలు. ఇక పళ్లు. ఎముక కొరికితే గార రాలుతుందన్నది నిజం. అది నమలడం వల్ల వచ్చే లాభం. రోజూ కుక్కల పేస్టుతో తోమితే ఇంకా బాగా వస్తుంది. చిగుళ్ల లోపలి జబ్బుకి ఎముక ఏమీ చేయలేదు.

లేబుళ్లు చూసేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిన చోటొకటి ఉంది. పచ్చి ఆహారంలో దాదాపు 70 శాతం నీళ్లు, డ్రై ఫుడ్‌లో 10 శాతం లోపే. పచ్చి ఆహారం ప్యాకెట్ మీద ప్రోటీన్ 15 శాతం, డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద 25 శాతం అని ఉంటే రెండోదే ఎక్కువ అనిపిస్తుంది. నీళ్లు తీసేసి లెక్కేస్తే మొదటిది 50 శాతం, రెండోది సుమారు 28. అంకెల్ని ఉన్నదున్నట్టు పోలిస్తే ఎటువైపైనా మోసపోతాం.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి

నేను పచ్చి మాంసం ఆపేసింది కుక్క కోసం కాదు, అమ్మ కోసం.

ఆ నెలల్లో అమ్మకి కీమోథెరపీ నడుస్తోంది. బ్రూనో గిన్నె నాకేసి, మూతి తుడుచుకోకుండానే నేరుగా ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్లి, వేలాడుతున్న చేతి వేళ్లు ఒక్కొక్కటీ నాకేవాడు. రోజూ రెండు పూటలా అదే. అమ్మకి అదొక సంతోషం. ఆవిడ డాక్టర్ ఒకసారి మాటల్లో, "కుక్కకి ఏం పెడుతున్నారు?" అని అడిగారు. చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఇవాళే ఆపేయండి" అన్నారు. ఇంటికొచ్చి ఫ్రీజర్ ముందు నిలబడినప్పుడు నాకు ఒళ్లు చల్లబడింది. ఐదు నెలలుగా నేను కటింగ్ బోర్డు కడుగుతున్నాను, చేతులు కడుగుతున్నాను, వాడి మూతి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

భయం అనవసరమేమో అని తర్వాత చాలా చదివాను. కాదు. 2018లో నెదర్లాండ్స్‌లో 35 రకాల ఫ్రోజెన్ పచ్చి పెట్ ఫుడ్ ప్యాకెట్లు పరీక్షిస్తే 19 వాటిలో లిస్టీరియా, 7 వాటిలో సాల్మొనెల్లా అనే, మనుషులకి జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలు దొరికాయి. 28 వాటిలో, అంటే నూటికి ఎనభై, కొన్ని యాంటీబయాటిక్స్‌కి లొంగని ఈ.కొలై బ్యాక్టీరియా ఉంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010 నుంచి 2012 దాకా పరీక్షించిన 196 పచ్చి నమూనాల్లో 15 సాల్మొనెల్లాకి, 32 లిస్టీరియాకి పాజిటివ్ వచ్చాయి.

"కుక్క కడుపులో యాసిడ్ గట్టిది, అన్నీ చచ్చిపోతాయి" అని నేనూ నలుగురికి చెప్పాను. కుక్కకి జబ్బు రాకపోవచ్చు, అది నిజమే. కెనడాలో సాల్మొనెల్లా ఉన్న పచ్చి ఆహారం పెట్టిన 16 కుక్కల్లో ఒక్కదానికీ జబ్బు లక్షణాలు కనబడలేదు. కానీ ఏడింటి మలంలో ఆ బ్యాక్టీరియా కొన్ని రోజులు బయటికి వచ్చింది. కుక్క హుషారుగా ఉంటుంది, సూక్ష్మజీవి నేల మీదకి, పరుపు మీదకి, పాకే పిల్లాడి చేతికి చేరుతుంది. ఫ్రీజర్‌లో పెడితే కొన్ని పరాన్నజీవులు చస్తాయి. బ్యాక్టీరియా చావదు, గడ్డకట్టి ఆగుతుంది అంతే. కరగగానే లేస్తుంది.

ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పెద్దవయసువాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో పచ్చి మాంసం వద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

లెక్క తప్పితే

పచ్చి మాంసం పెట్టేవాళ్ల మామూలు లెక్క ఇది: పెద్ద కుక్కకి ఉండాల్సిన బరువులో రోజుకి 2 నుంచి 3 శాతం. 25 కిలోల కుక్కకి 500 నుంచి 750 గ్రాములు. అందులో 80 శాతం కండ, 10 ఎముక, 5 కార్జం, 5 కిడ్నీ లాంటి మరో అవయవం. గుండె, కందనకాయ అవయవాలే అయినా ఇక్కడ కండ లెక్కలోకే వస్తాయి, చాలామంది అక్కడే పొరబడతారు. ఇంత ఒద్దికగా పెట్టినా జింక్, మాంగనీస్, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి తక్కువ పడే అవకాశం ఉంది. కార్జం ప్రేమగా రోజూ ఎక్కువ పెడితే విటమిన్ ఎ పేరుకుని కీళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. గొంతు భాగం మాంసంలో థైరాయిడ్ గ్రంథి కలిసొస్తే కుక్క చిక్కిపోవడం, ఊరికే రొప్పడం, చిరాకుపడటం మొదలవుతుంది. ఆ మాంసం ఆపితే తగ్గుతుంది, కానీ కారణం తట్టేసరికి ఎన్ని పరీక్షలు చేయిస్తామో.

వీటన్నిటికన్నా నాకు బాధ కలిగించేది కుక్కపిల్లల విషయం. ఎముక భయంతో ఉత్త బోన్‌లెస్ మాంసం పెడతారు. మాంసంలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ పదిహేను రెట్లో, ఇంకా ఎక్కువో ఉంటుంది. ఉండాల్సింది కాల్షియం ఫాస్ఫరస్‌కి సమానంగా, లేదా కాస్త ఎక్కువగా. రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం ఎముకల్లోంచే తోడేస్తుంది. ఒళ్లు నిగనిగలాడుతున్న పిల్ల సోఫా మీంచి దూకితే కాలు విరుగుతుంది. పెద్ద జాతుల పిల్లలకి దీనికి విరుద్ధమైన ప్రమాదమూ ఉంది, కాల్షియం ఎక్కువైనా ఎముకలు వంకరగా పెరుగుతాయి. ఎదిగే పిల్లకి ఇంట్లో కొలతలతో ప్రయోగాలు వద్దు, పచ్చిదైనా వండినదైనా. ఎదిగే వయసు కోసం సమతూకంగా చేసిన ఆహారమే పెట్టండి.

ఎముక పెట్టాలనుకునేవాళ్లకి రెండు మాటలు. వండిన ఎముక ఎప్పుడూ, ఎంత చిన్నదైనా పెట్టకండి. ఎండి సూదుల్లా చీలుతుంది. పశువుల తొడ ఎముకల్లాంటివి పచ్చివైనా పన్ను విరిచేంత గట్టివి. పై దవడలో పెద్ద పన్ను పెచ్చులా ఊడి వస్తుంది. గోటితో నొక్కితే కాస్తయినా లొంగని వస్తువు కుక్క నోట్లో పెట్టకూడదని పళ్ల డాక్టర్లు చెప్పే కొలత నాకు బాగా పనికొచ్చింది. పచ్చి కోడి మెడలు మెత్తగా ఉంటాయి, నమలకుండా మింగే కుక్కకి మాత్రం అవీ గొంతుకి అడ్డం పడతాయి.

వండి పెడితే సరిపోతుందా?

వండితే సూక్ష్మజీవుల టెన్షన్ తీరుతుంది. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలు. పోషకాల లెక్క మాత్రం ఇక్కడా తప్పదు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్లు ఇంట్లో చేసుకునే 200 వంటకాల కొలతలు పరిశీలిస్తే, వాటిలో 95 శాతానికి కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువైంది. చాలావాటిలో ఒకటి కాదు, ఎన్నో. పశువైద్యులు రాసినవే కాస్త నిలబడ్డాయి.

వండినప్పుడు ఎముక ఉండదు కాబట్టి ముందు పూడ్చాల్సింది కాల్షియం. పెద్ద కుక్కకి 1000 కేలరీల ఆహారానికి కనీసం 1.25 గ్రాముల కాల్షియం కావాలి. మెత్తగా దంచిన గుడ్డు పెంకు పొడి గ్రాములో సుమారు 380 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే సుమారు 3.3 గ్రాముల పొడి. కంటి కొలత వద్దు, చిన్న త్రాసు కొనుక్కోండి. మిగతా ఖనిజాలకి ఒక మిశ్రమం కలపాల్సిందే. అది ఏది, ఎంత అన్నది పోషణ తెలిసిన పశువైద్యులు మీ కుక్క బరువు, కిడ్నీల పరిస్థితి చూసి చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ ఏ రూపంలోనూ పడకూడదు.

డ్రై ఫుడ్‌ని తీసిపారేయకండి. మంచి కంపెనీది, ప్యాకెట్ మీద "సంపూర్ణ, సమతుల ఆహారం" అని మీ కుక్క వయసుకి తగ్గట్టు రాసి ఉంటే, లెక్క వేసే భారం మీ మీద ఉండదు. దానిలోనూ అప్పుడప్పుడు సాల్మొనెల్లా, బూజు విషాలు బయటపడ్డాయి, కాబట్టి మూత బిగించి చల్లగా ఉంచండి, గడువు చూడండి. తడి తక్కువ, అందుకని నీళ్లు కలిపి నానబెట్టి పెట్టండి. పైన ఉడికించిన మాంసం కాస్త వేస్తే తాజా రుచీ వస్తుంది. ఇలాంటి అదనపు తిండి రోజు కేలరీల్లో పదో వంతు దాటకపోతే సమతూకం చెడదు.

నన్నడిగితే, తీరిక లేని ఇంటికి మంచి డ్రై ఫుడ్, పైన కాస్త మాంసం. వారానికోసారి త్రాసు ముందు కూర్చునే ఓపిక ఉంటే వండిన తిండి అన్నిటికన్నా మేలు. పచ్చి మాంసం నా లెక్కలో మూడోది. అందరూ ఆరోగ్యంగా ఉన్న ఇల్లు, ఎదిగిన కుక్క, పశువైద్యులు రాసిచ్చిన కొలతలు, ఈ మూడూ ఉంటేనే. అప్పుడు కూడా పంది మాంసం పచ్చిగా వద్దు, దాని నుంచి ఔజెస్కీ అనే వైరస్ వ్యాధి సోకితే కుక్క బతకదు. ఏదానికి మారినా వారం పది రోజులు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వెళ్లండి. కొవ్వు ఒక్కసారిగా పెరిగితే కొన్ని కుక్కలకి పాంక్రియాస్ వాచి ప్రాణం మీదకి వస్తుంది.

బ్రూనోకి ఆదివారం వారానికి సరిపడా వండి, రోజువారీ డబ్బాల్లో తూచి, మూడు రోజులవి ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో పెడుతున్నాను. పళ్లు రాత్రి తోముతాను, వాడికి అదొక్కటే నచ్చదు. బొచ్చు ఆ ఐదు నెలల్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. తినగానే అమ్మ కుర్చీ దగ్గరికి వెళ్తాడు. తడి గుడ్డతో మూతి తుడిచి వదులుతాను.